లోహరక్షణలో గ్రాఫీన్ పూతలు: ఏర్పేడు పరిసరాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

లోహాలను తుప్పు నుంచి కాపాడటానికి మానవుడు కనిపెట్టిన పూతల్లో గ్రాఫీన్ పూత ఇటీవలిది. ఒకే ఒక పరమాణువు మందం గల ఈ కర్బన పొర 2011, 2012 సంవత్సరాల్లో లోహరక్షణకు సాటిలేని సాధనంగా పరిశోధనల్లోకి ప్రవేశించింది. 2013 నాటికే అది లోహక్షయాన్ని ఆపకపోగా పెంచుతుందన్న విమర్శకు గురయింది. ఈ వాదప్రతివాదాల చరిత్రను ఏర్పేడు పరిసరాల్లోని లోహానుభవంతో, అంటే తిరుమల రాగిరేకులు, ఇంటింటి కళాయి, శ్రీకాళహస్తి కలంకారీ నలుపు, రాచగున్నేరి ఇనుప గొట్టాలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పూత గుణాన్ని దాని అభేద్యత ఒక్కటే నిర్ణయించదు. పూతకు గాయమైన చోట ఏం జరుగుతుంది, అది ఎంతకాలం నిలుస్తుంది, దాన్ని మళ్లీ వేసుకునే వీలుందా అన్న మూడు ప్రశ్నలే నిర్ణయిస్తాయని ఈ చరిత్ర నిరూపిస్తుంది.

కీలకపదాలు: లోహక్షయం, గ్రాఫీన్, గ్రాఫీన్ ఆక్సైడ్, కళాయి, గాల్వనీకరణం, డక్టైల్ ఇనుము, ఏర్పేడు, శ్రీకాళహస్తి, రాచగున్నేరి.

1. ఉపోద్ఘాతం

తిరుపతి, శ్రీకాళహస్తి పట్టణాల నడుమ రైలుమార్గం మీద ఉన్న ఏర్పేడు చిరకాలం చిత్తూరు జిల్లాలో ఒక మండల కేంద్రంగా మాత్రమే గుర్తింపు పొందింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఈ స్థితిని మార్చింది. ఆ చట్టం ప్రకారం రాష్ట్రానికి లభించిన జాతీయ విద్యాసంస్థల్లో భారతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఐఐటీ తిరుపతి), భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్ తిరుపతి) రెండూ 2015లో తాత్కాలిక ప్రాంగణాల్లో మొదలై, క్రమంగా ఏర్పేడు మండలంలోని శాశ్వత ప్రాంగణాలకు తరలివచ్చాయి. ఐఐటీ శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడటంతో ఏర్పేడు ఆ జిల్లాలో భాగమయింది.

ఈ మండలానికి పొరుగునే, శ్రీకాళహస్తికి వెళ్లే దారిలో రాచగున్నేరి వద్ద ఇనుప గొట్టాల కర్మాగారం ఉంది. అదే జిల్లా తూర్పు కొసన, 1971 నుంచి రాకెట్ ప్రయోగాలకు నెలవైన శ్రీహరికోట ఉంది. అక్కడి ఉప్పుగాలి లోహనిర్మాణాలకు నిత్యపరీక్ష. పదార్థవిజ్ఞానం బోధించే సంస్థలు, నేలలో పూడ్చే గొట్టాలను తయారుచేసే పరిశ్రమ, సముద్రతీరపు లవణ వాతావరణం ఒకే జిల్లాలో కలిసిన సందర్భంలో, తుప్పు గురించిన ఆలోచన ఇక్కడ కేవలం గ్రంథస్థ విషయం కాదు. ప్రపంచవ్యాప్తంగా లోహక్షయం వల్ల కలిగే వార్షిక నష్టం సుమారు 2.5 లక్షల కోట్ల డాలర్లని, అది ప్రపంచ స్థూలోత్పత్తిలో 3.4 శాతమని 2016లో అంతర్జాతీయ లోహక్షయ నిపుణుల సంఘం అంచనా వేసింది. గ్రాఫీన్ పూతల మీద పెరిగిన ఆశకు ఈ అంచనా ఒక కారణం. సీసపు సిందూరం, క్రోమేటు వంటి పాత రక్షణ పదార్థాలు ఆరోగ్యానికి హానికరమని తేలి, వాటి వాడకంపై ఆంక్షలు పెరగడం మరొక కారణం.

2. ఏర్పేడు పరిసరాల లోహానుభవం

ఆధునిక శాస్త్రపరిభాష రాకముందే ఈ ప్రాంతంలో లోహాలతో మెలిగినవారికి క్షయం గురించి స్పష్టమైన అవగాహన ఉంది. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము అని తెలుగు వాడుకే వేరుచేసింది. ఈ రెండు మాటల వెనుక రెండు భిన్నమైన రసాయన ప్రక్రియలున్నాయి.

2.1 రాగిరేకులు, బంగారు మలాము

తాళ్లపాక కవుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కి భద్రపరచిన సంగతి సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. తాటాకు కొన్ని తరాలకే శిథిలమవుతుంది. రాగిరేకు శతాబ్దాలు దాటి 20వ శతాబ్దిలో పరిష్కర్తల చేతికి చేరింది. దీని వెనుక ఉన్న లోహధర్మం గమనించదగినది. పొడి గాలిలో రాగి ఉపరితలం మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, లోహాన్ని అంటిపెట్టుకుని, తరువాతి ఆక్సీకరణ వేగాన్ని తగ్గిస్తుంది. ఇనుము విషయం వేరు. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్థలం ఆక్రమించి, పొరలుగా రాలిపోయి, అడుగున ఉన్న కొత్త ఇనుమును గాలికి తేమకు అప్పగిస్తుంది. రాగి తన రక్షణను కొంతవరకు తానే సమకూర్చుకుంటుంది. ఇనుముకు పైనుంచి రక్షణ కావాలి.

తిరుమల ఆనందనిలయ విమానానికి 16వ శతాబ్ది ఆరంభంలో కృష్ణదేవరాయలు బంగారు మలాము చేయించినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. బంగారం ఆక్సీకరణకు లొంగని లోహం. అయితే రాగి మీద వేసిన బంగారు పూతకు ఒక బలహీనత ఉంది. పూతలో ఎక్కడైనా సూదిమొనంత రంధ్రం ఉండి తేమ చేరితే, బంగారం కాథోడ్‌గా, రంధ్రంలో కనిపించే రాగి ఆనోడ్‌గా మారి, ఆ చిన్న చోట రాగి త్వరితంగా కరుగుతుంది. విశాలమైన కాథోడ్, అతిస్వల్పమైన ఆనోడ్ అన్న ఈ అమరిక లోహక్షయ శాస్త్రంలో అత్యంత ప్రమాదకరమైనది. గ్రాఫీన్ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇది మూలసూత్రం.

2.2 కళాయి

రాగి, ఇత్తడి పాత్రల లోపల తగరపు పూత వేయడం తెలుగు నేలలో ఇంటింటికీ తెలిసిన పని. పాత్రను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా రుద్దడం కళాయి పద్ధతి. నవాసాగరం వేడికి విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వెలువరిస్తుంది. అది లోహం మీది ఆక్సైడ్ పొరను తొలగిస్తుంది. అందువల్ల తగరం శుభ్రమైన రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పూతకు ముందు ఉపరితలాన్ని శుద్ధిచేయాలన్న నియమం నేటి పూతల పరిశ్రమలోనూ మొదటి నియమమే.

కళాయి పోయిన పాత్రలో చింతపండు పులుసు కాచినా, పెరుగు నిలవ ఉంచినా చిలుము దిగి ఆహారం చెడుతుందన్నది గృహిణులందరికీ తెలుసు. కాబట్టి కళాయివారు ఏటా వీధుల్లోకి వచ్చేవారు. ఆ పూత శాశ్వతమని ఎవరూ నమ్మలేదు. అది అరుగుతుందని, మళ్లీ వేయించుకోవాలని ముందే అంగీకరించి, అందుకు తగిన వృత్తిని సమాజం నిలుపుకొంది. తగరం రాగికంటే తక్కువ ఉత్కృష్టమైన లోహం కాబట్టి కళాయికి గీత పడినా రాగి వెంటనే క్షయించదు. ఇదే తగరాన్ని ఇనుము మీద పూస్తే ఫలితం తలకిందులవుతుంది. తగరపు రేకు డబ్బాకు గీత పడిన చోట ఇనుము వేగంగా తుప్పు పట్టడానికి కారణం అదే. పూత ఒక్కటే అయినా, అది ఏ లోహం మీద ఉందన్న దానిని బట్టి రక్షణగానో హానిగానో మారుతుంది.

2.3 కలంకారీ నలుపు

శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు తుప్పును నివారించరు, దాన్ని పనికి పెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం కలిపిన నీటిలో రోజుల తరబడి నానబెడతారు. బెల్లం పులిసి ఆమ్లాలు పుడతాయి. ఆ ఆమ్లాల్లో ఇనుము కరుగుతుంది. కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద ఈ ద్రావణంతో గీసినప్పుడు, ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి నిలకడైన నల్లరంగుగా మారుతుంది. తుప్పుపట్టిన ఉక్కు మీద టానిక్ ఆమ్లం పూసి, తుప్పును స్థిరమైన నల్లపొరగా మార్చే ఆధునిక పద్ధతికి రసాయన ఆధారం కూడా ఈ ఇనుము, టానిన్‌ల కలయికే. క్షయించిన లోహాన్ని స్థిరమైన సమ్మేళనంగా మార్చవచ్చన్న అనుభవజ్ఞానం ఈ ప్రాంతపు చేతివృత్తిలోనే ఉందనడానికి ఇది నిదర్శనం.

3. లోహక్షయ శాస్త్రం రూపుదిద్దుకున్న తీరు

1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం కోరిక మేరకు ఓడల అడుగున తాపడం చేసే రాగి రేకులను సముద్రజలం నుంచి కాపాడే మార్గం అన్వేషించాడు. రాగికి జింకు లేదా ఇనుప ముక్కలను తగిలిస్తే, అవి క్షయిస్తూ రాగిని కాపాడతాయని ప్రయోగాలతో చూపాడు. రాగి నిజంగానే క్షయించలేదు. కాని ఆచరణలో వేరొక చిక్కు వచ్చింది. రాగి కరగడం ఆగిపోవడంతో సముద్రజీవులను దూరంగా ఉంచే రాగి లవణాలు వెలువడలేదు. ఓడల అడుగున నత్తలు, నాచు దట్టంగా పేరుకుని ఓడల వేగం తగ్గింది. కొన్నేళ్లలోనే నౌకాదళం ఆ పద్ధతిని విరమించుకుంది. ప్రయోగశాలలో కొలిచినది విజయం. ఓడకు కావలసినది ఆ కొలతలో లేదు.

1837లో ఫ్రాన్సులో స్తానిస్లాస్ సొరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచి పూత వేసే పద్ధతికి హక్కుపత్రం పొందాడు. ఇదే గాల్వనీకరణం. జింకు పూత రెండు విధాల పనిచేస్తుంది. చెక్కుచెదరనంత కాలం అది అడ్డుగోడ. గీత పడిన చోట అది ఆనోడ్‌గా మారి, తాను క్షయిస్తూ ఇనుమును కాపాడుతుంది. ఈ వ్యాసంలో మొదటి రకాన్ని అడ్డుపూత అని, రెండవ రకాన్ని త్యాగపూత అని వ్యవహరించడం జరిగింది. బంగారం, ఇనుము మీది తగరం, రంగులు, తారు అడ్డుపూతలు. జింకు త్యాగపూత.

తుప్పు అనేది విద్యుద్రసాయన ప్రక్రియ అన్న సిద్ధాంతం 1903లో విట్నీ రచనతో బలపడి, 1920లలో కేంబ్రిడ్జిలో ఎవాన్స్ ప్రయోగాలతో స్థిరపడింది. ఉక్కు పలక మీద ఒక ఉప్పునీటి చుక్కను ఉంచి, చుక్క మధ్యలో ఇనుము కరగడాన్ని, గాలి తగిలే అంచున ఆక్సిజన్ క్షయకరణం చెందడాన్ని ఎవాన్స్ రంగుల ద్వారా చూపించాడు. ఒకే లోహం మీద ఆనోడ్, కాథోడ్ పక్కపక్కనే ఏర్పడగలవని దీనితో రుజువయింది. భారతదేశంలో ఈ శాస్త్రానికి నిలయంగా తమిళనాడులోని కారైక్కుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ 1953లో ప్రారంభమయింది. వివిధ ప్రాంతాల వాతావరణంలో లోహపు పలకలను ఆరుబయట ఉంచి, వాటి క్షయవేగాన్ని కొలిచి, దేశానికి లోహక్షయ పటాన్ని రూపొందించడం ఆ సంస్థ చేపట్టిన ముఖ్యకార్యాల్లో ఒకటి. లోహరక్షణ అధ్యయనంలో కాలానికి ప్రత్యామ్నాయం లేదని ఆ పటమే చాటుతుంది.

4. రాచగున్నేరి గొట్టాలు: ఇనుములోని కర్బనం

1990లలో లాంకో సంస్థగా మొదలై దుక్క ఇనుము, ఆ తరువాత డక్టైల్ ఇనుప గొట్టాలు తయారుచేసిన రాచగున్నేరి కర్మాగారం, ఎలక్ట్రోస్టీల్ సంస్థ యాజమాన్యంలోకి వచ్చాక శ్రీకాళహస్తి పైప్స్ పేరుతో ప్రసిద్ధి పొంది, అనంతరం మాతృసంస్థలో విలీనమయింది. ఇక్కడ తయారయ్యే గొట్టాలు తాగునీటి పథకాలకు వెళ్తాయి. గ్రాఫీన్ చర్చకు ఈ గొట్టాల చరిత్ర రెండు విధాల సంబంధించినది.

మొదటిది, ఇనుములో కర్బనం ప్రవర్తన. పాతకాలపు బూడిదరంగు పోత ఇనుములో కర్బనం గ్రాఫైట్ రేకులుగా విస్తరించి ఉంటుంది. విద్యుద్రసాయన శ్రేణిలో గ్రాఫైట్ ప్లాటినం పక్కన నిలిచే ఉత్కృష్ట పదార్థం. తేమగల నేలలో గ్రాఫైట్ కాథోడ్‌గా, ఇనుము ఆనోడ్‌గా పనిచేయగా, ఏళ్లు గడిచేకొద్దీ ఇనుము కరిగిపోయి గ్రాఫైట్, తుప్పు కలిసిన గుల్ల మిగులుతుంది. గొట్టం ఆకారం చెక్కుచెదరదు. కాని దాన్ని చాకుతో కోయవచ్చు. ఈ గ్రాఫైటీకరణ క్షయం ఎన్నో నగరాల పాత నీటిగొట్టాల్లో నమోదయింది. 1943లో కీత్ మిల్లిస్ కరిగిన ఇనుములో స్వల్పంగా మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ రేకులకు బదులు గుండ్రని గుళికలుగా ఏర్పడుతుందని కనుగొన్నాడు. 1948లో ఈ సంగతి లోకానికి వెల్లడయింది. 1949లో హక్కుపత్రం లభించింది. పెళుసుతనం పోయి సాగేగుణం వచ్చిన ఈ ఇనుమే డక్టైల్ ఇనుము. గ్రాఫైట్ ఆకారం మారితే లోహం బలం మారిందిగాని, గ్రాఫైట్‌కు ఇనుముతో ఉన్న విద్యుద్రసాయన వైరం పూర్తిగా పోలేదు. అందుకే ఈ గొట్టాలకూ పూత తప్పనిసరి.

రెండవది, ఆ పూత స్వరూపం. భారతీయ ప్రమాణం 8329 ప్రకారం డక్టైల్ ఇనుప గొట్టం వెలుపలి తలం మీద చదరపు మీటరుకు 130 గ్రాములకు తగ్గకుండా జింకును వెదజల్లాలి. దానిమీద సగటున 70 మైక్రోమీటర్ల మందాన తారుపూత వేయాలి. లోపల సిమెంటు గచ్చు వేయాలి. జింకు సాంద్రతను బట్టి లెక్కిస్తే 130 గ్రాముల పూత మందం సుమారు 18 మైక్రోమీటర్లు. త్యాగపూత మీద అడ్డుపూత, లోపల ఇనుమును క్షారస్వభావంతో కాపాడే సిమెంటు అన్న ఈ మూడంచెల ఏర్పాటు ఒక్కరోజులో పుట్టలేదు. డేవీ, సొరెల్ మొదలుకొని ఒకటిన్నర శతాబ్దాల వైఫల్యాల నుంచి నేర్చుకున్న పాఠాల సారం అది. ఏ పూతయినా గాయపడుతుందన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా ఆధారపడి ఉంది. లారీలో ఎక్కించేటప్పుడు, కందకంలో దించేటప్పుడు తారు గీసుకుపోతుంది. అప్పుడు జింకు తన పని మొదలుపెడుతుంది.

5. గ్రాఫీన్ ఆగమనం

గ్రాఫైట్‌లోని ఒక్క పొరను గురించిన ఆలోచన పాతదే. 1859లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడీ గ్రాఫైట్‌ను బలమైన ఆక్సీకరణులతో చర్య జరిపి గ్రాఫైట్ ఆక్సైడ్ తయారుచేశాడు. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ దీనికి త్వరితమైన పద్ధతి రూపొందించారు. 1986లో బోమ్, ఆయన సహచరులు ఒంటరి పొరకు గ్రాఫీన్ అన్న పేరు ప్రతిపాదించారు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవసెలోవ్ అంటుటేపుతో గ్రాఫైట్ నుంచి పొరలు ఊడదీసి, వాటి విద్యుద్ధర్మాలను కొలిచి, 2010లో భౌతికశాస్త్రంలో నోబెల్ పురస్కారం పొందారు.

ఈ పొర మందం సుమారు 0.335 నానోమీటర్లు. చదరపు మీటరు గ్రాఫీన్ బరువు 0.77 మిల్లీగ్రాములు. రాచగున్నేరి గొట్టం మీది తారుపూతంత మందం రావాలంటే రెండు లక్షలకు పైగా గ్రాఫీన్ పొరలు పేర్చాలి. ఇంత పలుచని పొర పూతగా పనికివస్తుందన్న ఆశకు కారణం 2008లో వెలువడిన ఒక ఫలితం. లోపాలు లేని గ్రాఫీన్ పొర గుండా అతిచిన్న వాయుకణమైన హీలియం కూడా దూరలేదని కోర్నెల్ పరిశోధకులు అప్పుడు చూపారు. 2009లో రాగి రేకు మీద వాయుస్థితి నుంచి విశాలమైన గ్రాఫీన్ పొరను పెంచే పద్ధతి టెక్సస్‌లో రూపొందింది. అభేద్యమైన పొర లోహం మీదే నేరుగా పెరుగుతున్నప్పుడు, దాన్ని లోహానికి కవచంగా భావించడం సహజ పరిణామం.

ఈ సందర్భంలో ఒక అపోహను తొలగించడం అవసరం. 2006లో జర్మన్ పరిశోధకులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కర్బన నానోనాళికల ఆనవాళ్లు కనుగొన్నారు. అటువంటి కత్తులకు దక్షిణభారతపు ఉక్కు ముడిసరుకు. తెలంగాణలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరెన్నికగన్న కేంద్రం. అంతమాత్రాన పూర్వపు కమ్మరులకు నానోపదార్థ శాస్త్రం తెలుసునని చెప్పడం చారిత్రక పద్ధతికి విరుద్ధం. వారికి తెలిసినది మూస, బొగ్గు, వేడి, చల్లార్చే వేగం వీటి ఫలితం. ఆ జ్ఞానం గొప్పతనాన్ని గుర్తించడానికి దానికి లేని పరిభాషను అంటగట్టనవసరం లేదు.

6. వాదం, ప్రతివాదం

2011లో రాగి మీద, రాగి-నికెల్ మిశ్రమలోహం మీద పెంచిన గ్రాఫీన్ ఆ లోహాలను ఆక్సీకరణం నుంచి కాపాడుతుందని టెక్సస్, షియామెన్ పరిశోధకులు ప్రకటించారు. గాలిలో వేడిచేసినా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచినా పూతగల లోహం మెరుపు కోల్పోలేదు. 2012లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రసాయ్ బృందం ఈ రక్షణను అంకెల్లో చెప్పింది. వాయుస్థితి నుంచి గ్రాఫీన్ పెంచిన రాగి 7 రెట్లు నెమ్మదిగా క్షయించింది. అదే విధంగా బహుళపొరలు పెంచిన నికెల్ 20 రెట్లు నెమ్మదిగా క్షయించింది. వేరేచోట పెంచి నికెల్ మీదికి బదిలీ చేసిన నాలుగు పొరలు 4 రెట్ల రక్షణనిచ్చాయి. క్షయం గ్రాఫీన్ గుండా కాక, పొరలోని పగుళ్ల వద్దనే జరిగిందని కూడా ఆ బృందం గుర్తించింది. ఈ చివరి పరిశీలనలోనే తరువాతి వివాదానికి బీజం ఉంది.

2013లో బెర్క్‌లీ పరిశోధకులు దీర్ఘకాలిక ఆక్సీకరణ నివారణకు గ్రాఫీన్ పూత లేనిదానికంటే అధ్వాన్నమన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక పత్రం ప్రచురించారు. గంటల వ్యవధిలో కొలిస్తే గ్రాఫీన్ రాగిని కాపాడుతుంది. అదే లోహాన్ని గది వాతావరణంలో నెలల తరబడి ఉంచితే, పూత లేని రాగికంటే పూత ఉన్న రాగే ఎక్కువ క్షయించింది. కారణం స్పష్టం. పూత లేని రాగి మీద ఆక్సైడ్ పొర సమంగా ఏర్పడి తనను తాను కాపాడుకుంటుంది. గ్రాఫీన్ కింద ఆ అవకాశం లేదు. పొరలోని లోపాల గుండా దూరిన తేమ, ఆక్సిజన్ లోహానికీ గ్రాఫీన్‌కూ మధ్య పాకుతాయి. విద్యుద్వాహకమైన గ్రాఫీన్ విశాలమైన కాథోడ్‌గా మారి, లోపం వద్ద బయటపడిన రాగిని ఆనోడ్‌గా మార్చి క్షయాన్ని కొనసాగిస్తుంది. బంగారు మలాములోని సూదిమొన రంధ్రం, పోత ఇనుములోని గ్రాఫైట్ రేకు, తగరపు డబ్బా మీది గీత — ఈ మూడింటిలో కనిపించిన సూత్రమే ఇక్కడ అణుస్థాయిలో మళ్లీ కనిపించింది.

రెండు పక్షాల కొలతలూ సరైనవే. తేడా కాలవ్యవధిలో ఉంది. 2018లో వెలువడిన మరొక అధ్యయనం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. రాగి స్ఫటికపు ఒక ప్రత్యేక తలం మీద, అణువుల అమరిక సరిగ్గా పొసగేటట్లు పెరిగిన గ్రాఫీన్ ఏళ్ల తరబడి రాగిని కాపాడగా, అమరిక పొసగని తలం మీద పూత విఫలమయింది. రెండు పొరల నడుమ తేమ పాకడానికి సందు ఉందా లేదా అన్నదే నిర్ణాయకం. నవాసాగరంతో శుద్ధిచేసిన రాగిని తగరం పట్టుకున్నంత గట్టిగా పూత లోహాన్ని పట్టుకోవాలన్న కళాయి నియమానికి ఇది అణుస్థాయి రూపమనవచ్చు.

ఇక విస్తీర్ణం సమస్య ఉంది. ప్రయోగశాలలో పరీక్షించే నమూనా సాధారణంగా చదరపు సెంటీమీటరు ప్రమాణంలో ఉంటుంది. 300 మిల్లీమీటర్ల నామమాత్ర వ్యాసం, 5.5 మీటర్ల పొడవు గల ఒక్క గొట్టం వెలుపలి తలం అయిదున్నర చదరపు మీటర్లకు పైనే, అంటే 55 వేల చదరపు సెంటీమీటర్లకు మించి ఉంటుంది. ఆ విస్తీర్ణమంతటా ఒక్క లోపం లేని పొర పరచడం, పరచినదాన్ని కందకం దాకా గాయపడకుండా చేర్చడం నేటి పరిశ్రమకు సాధ్యమయ్యే పని కాదు. పైగా ఇనుము కర్బనాన్ని తనలో కరిగించుకునే లోహం కాబట్టి, రాగి మీద వలె ఉక్కు మీద నేరుగా మేలైన గ్రాఫీన్ పెంచడం మరింత కష్టం.

7. పొర నుంచి రేకులకు

ఈ విమర్శల తరువాత పరిశోధన వేరొక దారి పట్టింది. ఒకే అఖండమైన పొరకు బదులు, గ్రాఫీన్ లేదా గ్రాఫీన్ ఆక్సైడ్ సూక్ష్మరేకులను ఎపాక్సీ వంటి రెసిన్లలో కలిపి రంగుగా పూయడం ఆ దారి. రేకులు ఒకదానిపై ఒకటి పెంకుల్లా పరచుకుంటే, నీటి అణువు తిన్నగా లోహాన్ని చేరలేక వంకరదారిలో తిరగవలసి వస్తుంది. అభ్రకం వంటి రేకుల ఆకృతి గల ఇనుప ఆక్సైడ్‌ను వంతెనల రంగుల్లో కలిపే పాత పద్ధతి ఇదే సూత్రం మీద నడిచింది. ఇక్కడా ఒక షరతు ఉంది. రేకులు ఒకదానికొకటి తగిలి లోహం దాకా విద్యున్మార్గం ఏర్పడితే పాత ప్రమాదమే తిరిగి వస్తుంది. కాబట్టి రేకుల మోతాదు స్వల్పంగా ఉంచడం, వాటిని విద్యుద్బంధక పదార్థంతో కప్పడం, వాహకత తక్కువగల గ్రాఫీన్ ఆక్సైడ్‌ను ఎంచుకోవడం వంటి మార్గాలు అనుసరించారు.

2014లో మాంచెస్టర్‌లో రాహుల్ నాయర్ బృందం గ్రాఫీన్ ఆక్సైడ్ పూతను హైడ్రయోడిక్ ఆమ్లంతో లేదా సి విటమినుతో క్షయకరణం చేసి, వాయువులూ ద్రవాలూ దూరలేని పొరను తయారుచేసింది. ఆ పూతగల రాగి, గాజు తలాలు తీవ్రమైన ఆమ్లాలను తట్టుకున్నాయి. పులుపును తట్టుకునేలా రాగిపాత్రకు కళాయి వేసే ప్రయత్నానికి ఇది ఎంతో దూరాన ఉన్న వారసురాలు.

మరొక ప్రయత్నం గ్రాఫీన్ వాహకతనే గుణంగా మలచుకుంది. జింకుపొడి అధికంగా ఉండే రంగుల్లో జింకు కణాలన్నీ ఇనుముతో విద్యుత్సంబంధం కలిగి ఉంటేనే త్యాగరక్షణ సాగుతుంది. అందుకోసం ఎండిన పూతలో జింకు బరువు చాలా ఎక్కువ పాళ్లలో ఉంచవలసి వస్తుంది. కొద్దిపాటి గ్రాఫీన్ ఆ కణాల మధ్య తీగెలా పనిచేస్తే, తక్కువ జింకుతో అంతే రక్షణ పొందవచ్చు. అడ్డుపూతలో దోషమైన వాహకత త్యాగపూతలో ఉపయోగమయింది. గ్రాఫీన్‌ను జింకుకు ప్రత్యామ్నాయంగా కాక, జింకుకు సహాయకంగా చూసే ఈ ఆలోచన రాచగున్నేరి వంటి గొట్టాల పరిశ్రమకు ఎక్కువ సన్నిహితమైనది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. గ్రాఫీన్ పూతల వివాదం కొత్త పదార్థం తెచ్చిన కొత్త సమస్య కాదు. ఉత్కృష్టమైన పూత గాయపడినప్పుడు అడుగు లోహం మరింత వేగంగా క్షయిస్తుందన్న పాత సూత్రం బంగారు మలాములోనూ, తగరపు రేకులోనూ, పోత ఇనుములోనూ ముందే వ్యక్తమయింది.

2. పూత ఫలితాన్ని కొలిచిన కాలవ్యవధిని చెప్పకుండా దాని గుణాన్ని చెప్పడం అసంపూర్ణం. 2012, 2013 నాటి ఫలితాల మధ్య వైరుధ్యంగా కనిపించినది నిజానికి గంటలకూ నెలలకూ మధ్య ఉన్న తేడా. దశాబ్దాల పాటు నేలలో ఉండవలసిన గొట్టానికి గంటల పరీక్ష ప్రమాణం కాజాలదు.

3. ప్రయోగశాలలో కొలిచిన గుణానికీ వినియోగంలో కావలసిన గుణానికీ తేడా రావచ్చునని డేవీ ఓడల ఉదంతం హెచ్చరిస్తుంది. నీటిగొట్టాల విషయంలో ఆ తేడాకు మూల్యం చెల్లించేది ప్రజాధనం, తాగునీటి నాణ్యత.

4. మరమ్మతు వీలు పూత గుణాల్లో భాగం. కళాయిని నిలిపినది తగరం మన్నిక మాత్రమే కాదు, దాన్ని మళ్లీ వేయగల చేతుల అందుబాటు కూడా. పొలంలో, కందకంలో సరిచేయడానికి వీలులేని పూత ఎంత అభేద్యమైనా ఆచరణలో బలహీనమే.

ఏర్పేడు మండలంలోని పరిశోధన ప్రాంగణాలకూ రాచగున్నేరి కొలిమికీ శ్రీకాళహస్తి కలంకారీ కుండకూ మధ్య దూరం చాలా స్వల్పం. పరిశోధకులు చదరపు సెంటీమీటరు నమూనాతో పాటు గీతలు పడిన గొట్టపు ముక్కను కూడా ఆ ప్రాంతపు నేలలో, శ్రీహరికోట తీరపు గాలిలో ఏళ్ల తరబడి ఉంచి చూసినప్పుడే గ్రాఫీన్ పూత గురించిన తీర్పు చెప్పదగినదవుతుంది. రసాయనశాస్త్ర, పదార్థవిజ్ఞాన బోధకులు విద్యుద్రసాయన శ్రేణిని వివరించేటప్పుడు పరాయి ఉదాహరణల కోసం వెతకనవసరం లేదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నె, తుప్పుపట్టిన తగరపు డబ్బా, జింకు చల్లిన నీటిగొట్టం ఆ పాఠాన్ని విద్యార్థులకు పరిచితమైన వస్తువులతోనే చెప్పగలవు.